ప్రసంగం దగ్గర పట్టిన నిద్ర

కుట్టుమిషన్ల మెకానిక్కుకి చెవే సగం పనిముట్టు. నేను చెప్పబోయే ఈయన మిషను పక్కన రెండు నిమిషాలు కళ్లు మూసుకుని నిలబడితే చాలు, తప్పు సూదిదా, షటిల్‌దా, నూనె లేక ఏడుస్తోందా, నడిపే మనిషి చెయ్యి బరువా అన్నది ఇట్టే చెప్పేసేవాడు. ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసు మరి. కంపెనీలో కుర్రమెకానిక్కులు ఎదురుగా "మాస్టారూ" అని పిలిచి, వెనకాల "నూనెడబ్బా" అనేవాళ్లు. రెండూ ఆయనకి తెలుసు. రెండింటికీ పలికేవాడు.

అంత చెవి ఉన్న మనిషికి ఆదివారం పొద్దున గుడిగంట మాత్రం వినబడేది కాదు. పుట్టుకతో క్యాథలిక్కు. చిన్నప్పుడు పీఠం దగ్గర తెల్ల అంగీ వేసుకుని ఫాదర్ గారికి నీళ్లూ ద్రాక్షరసమూ అందించినవాడే. పెళ్లయ్యాక ఆ భక్తి ఎటు పోయిందో పోయింది. ప్రతి ఆదివారం ఆయన భార్య ముసుగు నెత్తిమీదికి లాక్కుని గడప దగ్గర నిలబడి, "ఏవండీ, వస్తున్నారా?" అని అడిగేది. ఈయన దుప్పట్లోంచే, "నువ్వెళ్లు, నా వంతు కూడా నువ్వే చేసెయ్" అనేవాడు. ఆవిడ ఇద్దరి వంతూ మోసుకుంటూ వెళ్లిపోయేది.

ఒక ఏడాది కంపెనీ ఆయన్ని సముద్రం అవతల ఉన్న ఒక ముస్లిం దేశానికి రెండు వారాల పని మీద పంపింది. బట్టల ఫ్యాక్టరీ, రెండు వందల నలభై మిషన్లు, అన్నీ కుట్టు వదిలేస్తున్నాయి. అది టైమింగు రోగం. సూది దారాన్ని కిందికి తీసుకెళ్లి కాస్త పైకి లేచే క్షణంలో ఆ దారం చిన్న ఉచ్చులా విప్పుకుంటుంది. కింద తిరిగే షటిల్ ముక్కు సరిగ్గా అప్పుడే వచ్చి దాన్ని అందుకోవాలి. వెంట్రుకవాసి ముందొచ్చినా, వెనకొచ్చినా కుట్టు పడదు. మాస్టారి బతుకంతా ఈ టైమింగులోనే గడిచింది కాబట్టి, ఏదైనా దాని వేళకి దాని చోట జరగాలనే పట్టుదల ఆయనకి ఒంటికి పట్టేసింది. ఆ పట్టుదలే ఆయన కొంప ముంచింది.

ఆ ఫ్యాక్టరీ ఫోర్‌మన్ నలభై ఏళ్ల మనిషి. గడ్డం చక్కగా కత్తిరించుకుని, చొక్కా జేబులో ఎప్పుడూ ఒక చిన్న స్క్రూడ్రైవరు పెట్టుకుని తిరిగేవాడు. ఐదు పూటలా నమాజు తప్పేవాడు కాదు. ఆయన భాష మాస్టారికి రాదు, మాస్టారి భాష ఆయనకి రాదు. ఇద్దరికీ చెరి సగం వచ్చిన మూడో భాషలో మాట్లాడుకునేవాళ్లు. ఆ కుంటినడక మాటల్ని మీ ముందు పెట్టి లాభం లేదు గనక, వాళ్లన్నదంతా మన మాటల్లోనే చెబుతున్నాను.

మొదటి గురువారం సాయంత్రం ఓనరు వచ్చాడు. "రేపు శుక్రవారం సెలవే అనుకోండి. అయినా మీరొచ్చి ఆ చివర పదిహేను మిషన్లూ చూసెయ్యండి" అన్నాడు. మాస్టారికి ఆరు రోజులు వంగి వంగి నడుం పడిపోయి ఉంది. మర్నాడు మధ్యాహ్నం దాకా మంచం దిగకూడదని అప్పటికే ఒట్టు పెట్టుకున్నాడు. నడుం నొప్పి అందామంటే పరువు తక్కువ. అంతలో విమానంలో పక్క సీట్లో కూర్చున్న నర్సు చెప్పిన సంగతి గుర్తొచ్చింది.

"రేపు నాకు గుడి ఉంది సార్" అన్నాడు, చూపు కిందికి దించుకుని. "ఇక్కడ సెలవు శుక్రవారం కదా, ఆదివారం పూజ కూడా ఆ రోజే పెడతారట. అది తప్పిస్తే మాకు పాపం."

ఓనరు మొహం ముడుచుకున్నాడు. పక్కనున్న ఫోర్‌మన్ కల్పించుకుని, "దేవుడి దగ్గరికి వెళ్లే మనిషిని ఆపకండి సార్. ఆ పదిహేను మిషన్లూ శనివారం నేను దగ్గరుండి చేయిస్తాను" అన్నాడు. ఓనరు ఏదో గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. మాస్టారు లోపల్లోపల నవ్వుకుంటూ గదికి పోయి, అలారం తీసేసి పడుకున్నాడు.

మర్నాడు తొమ్మిదింటికి ఎవరో తలుపు తట్టారు. తీసి చూస్తే ఫోర్‌మన్. తలస్నానం చేసి, ఇస్త్రీ బట్టలు వేసుకుని, చంకలో ఒక ఫ్లాస్కుతో నవ్వుతూ నిలబడి ఉన్నాడు.

"మీ గుడి ఎక్కడుందో కనుక్కున్నాను. బయట బోర్డూ ఉండదు, సిలువా ఉండదు. నలుగుర్ని అడిగితే గానీ తెలియలేదు. కొత్త ఊళ్లో మీరెక్కడ వెతుక్కుంటారు? పదండి, కారు తెచ్చాను."

మాస్టారు తలుపు సగం దగ్గరికి లాక్కున్నాడు. లుంగీ కట్టుకుని, జుట్టు రేగిపోయి, మొహం కూడా కడగకుండా ఉన్నాడాయన. "ఇదిగో, ఇప్పుడే బయల్దేరబోతున్నా" అన్నాడు.

కారెక్కాక ఫోర్‌మన్ ఫ్లాస్కు మూత తీశాడు. "మా ఆవిడ మీకోసం టీ పంపింది."

వాసన కమ్మగా తగిలింది. ప్రాణం లేచొచ్చినట్టయింది. కానీ ఆడుతున్న నాటకాన్ని కాస్త గట్టిగా ఆడదామని బుద్ధి పుట్టింది మాస్టారికి. "వద్దు భాయ్. పూజలో ఫాదర్ ఇచ్చే సత్ప్రసాదం తీసుకునే ముందు గంటసేపు మేం నీళ్లు తప్ప ఏమీ ముట్టకూడదు" అన్నాడు. నియమం నిజమే. అడ్డమైన వేళ దాన్ని వాడుకోవడమే తప్పు. నిజానికి పూజకి ఇంకా బోలెడు టైముంది, గ్లాసుడు టీ తాగినా ఏ నియమమూ చెడదు. ఫోర్‌మన్ వెంటనే మూత బిగించేశాడు. "అయితే నేనూ తాగను. మీరొచ్చాక ఇద్దరం కలిసి తాగుదాం" అన్నాడు.

దారిలో ఒక మలుపు దగ్గర ఆయన కారు నెమ్మది చేశాడు. తర్వాత జేబులోంచి మడిచిన చీటీ ఒకటి తీశాడు.

"మా పాపకి ఎనిమిదేళ్లు. ఎడమకన్ను చూపు తగ్గిపోతోంది. వచ్చే నెల ఆపరేషన్. దీంట్లో పాప పేరూ వాళ్లమ్మ పేరూ రాశాను. మీ గుడిలో మరియమ్ తల్లి ఉంటుంది కదా, ఆవిడంటే మాకూ గౌరవమే. పాప కోసం ఒక్కమాట అడగండి మాస్టారూ. నేను మసీదులో ఎలాగూ అడుగుతాను. మీరు పరాయి దేశం వచ్చి కూడా పూజ వదలని మనిషి. మీ మాట వింటాడు దేవుడు."

మాస్టారు చీటీ తీసుకుని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. మొహం మాత్రం కిటికీ వైపు తిప్పుకున్నాడు. పూజ వదలని మనిషట. ఇంటి దగ్గర భార్య విని ఉంటే ఏమనేదో తలుచుకుంటే చెవులు వేడెక్కాయి. సరే, అబద్ధమాడి వచ్చినా, ఆ పిల్ల కోసం మాత్రం నిజంగా అడుగుదాం అనుకున్నాడు. ఆ అనుకోవడంలో మోసమేమీ లేదు. ఆ మాట ఆయన తరఫున నేను గట్టిగా చెప్పగలను.

గుడి బయట నుంచి చూస్తే గోడౌను లాగా ఉంది. ఎత్తైన ప్రహరీ, ఇనప గేటు, లోపల ఒకదాని పక్కన ఒకటి హాళ్లు. ఒక్కో హాల్లో ఒక్కో భాషలో పూజ. నర్సులు, వంటవాళ్లు, డ్రైవర్లు, ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లు, అందరూ ఉన్నంతలో మంచి బట్టలు వేసుకుని వచ్చారు. "పూజ పదిన్నరకి మొదలై పన్నెండు లోపే అయిపోతుందట. పక్క వీధిలోనే మసీదు. మీరు బయటికొచ్చాక నేను పరిగెత్తి జుమ్మా నమాజు అందుకుంటాను. అందాకా ఇక్కడే, ఈ గోడ పక్కనే ఉంటాను" అన్నాడు ఫోర్‌మన్.

మాస్టారు వెళ్లి వెనక వరసలో, స్తంభం పక్కన కూర్చున్నాడు. ఫాదర్ గారు మాట్లాడే భాష ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా ఎప్పుడు లేవాలో, ఎప్పుడు కూర్చోవాలో ఆయన మోకాళ్లకి గుర్తుంది. మొదటి బైబిలు పఠనం దగ్గర జేబు తడుముకున్నాడు. ఇప్పుడే అడిగేద్దామా అనిపించింది. కాదు, దేనికైనా వేళ ఉంది కదా అనుకున్నాడు. ప్రసంగం అయ్యాక విశ్వాసుల ప్రార్థన వస్తుంది. రోగుల కోసం, కష్టాల్లో ఉన్నవాళ్ల కోసం అందరూ కలిసి అడిగే చోటు అదే. అక్కడ అడిగితే ఇంతమంది గొంతుతో పాటు పోతుంది, టైమింగు సరిగ్గా కుదురుతుంది.

ప్రసంగం మొదలైంది. పైనుంచి ఏసీ చల్లగా తగులుతోంది. అర్థం కాని భాష, మెత్తటి గొంతు, ఆరు రోజుల అలసట, తాగని టీ. తల స్తంభానికి ఆనించాడు. ఒక్క నిమిషం అనుకున్నాడు.

భుజం మీద ఎవరో తట్టారు. చీపురు పట్టుకున్న ఒక పెద్దావిడ. హాలంతా కొత్త మొహాలు. ఇంకో భాష వాళ్లు తర్వాతి పూజకి వచ్చి కూర్చుంటున్నారు. గోడ గడియారంలో ఒంటిగంటకి పావు తక్కువ. విశ్వాసుల ప్రార్థన, సత్ప్రసాదం, చివరి దీవెన, అన్నీ ఆయన గురక మీదుగానే వెళ్లిపోయాయి.

మాస్టారు పరిగెత్తాడు. గేటు బయట, గోడ నీడ జానెడు మిగిలిన చోట, ఒంటిని గోడకి అంటించుకుని ఫోర్‌మన్ నిలబడి ఉన్నాడు. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. ఫ్లాస్కు చంకలోనే ఉంది. పక్క వీధి మసీదులో నమాజు అయిపోయి జనం గుంపులుగా బయటికి వస్తున్నారు.

"నమాజు..." అన్నాడు మాస్టారు.

"ఇక్కడే ఉంటానని మాటిచ్చానుగా. నేనటు వెళ్లిన నిమిషంలో మీరిటు వస్తే? దారి తెలియదు, భాష రాదు. ఇంటికెళ్లి విడిగా చదువుకుంటాలెండి." తర్వాత గొంతు తగ్గించి అడిగాడు. "ఇంతసేపు ఉన్నారంటే పాప కోసమేగా? అడిగారా?"

అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. నిద్రపోయాను భాయ్, క్షమించు, మళ్లీ లోపలికెళ్లి అడిగొస్తాను అంటే సరిపోయేది. గుడి వెనకే ఉంది, తలుపులు తీసే ఉన్నాయి. కానీ ఆ తడిసిన చొక్కా చూశాక మాస్టారికి నిజం చెప్పే ధైర్యం చాల్లేదు.

"అడిగాను" అన్నాడు.

"పేరు చెప్పారా?"

"చెప్పాను."

ఫోర్‌మన్ ఆయన చేతులు రెండూ పట్టుకుని కళ్లకద్దుకున్నాడు. తర్వాత టీ పోశాడు. అది చల్లారిపోయి ఉంది. మాస్టారు ఒక్క గుక్క కూడా మింగలేకపోయాడు.

గదికొచ్చి చొక్కా విప్పుతుంటే చీటీ కింద పడింది. మడత విప్పనే లేదు. మాస్టారు అక్కడే నేల మీద మోకరించి, ఆ పేర్లు చదివి, అడగాల్సిందంతా అడిగాడు. అడిగాడే గానీ మనసు కుదుటపడలేదు. గుడిలో అడుగుతానని ఒప్పుకున్న మాట, గదిలో చాటుగా అడిగితే చెల్లుతుందా? అంతకంటే పెద్ద లెక్క ఒకటి తేలి, నిలువునా నీరైపోయాడు. తన వల్ల తండ్రికి కూడా మసీదు తప్పిపోయింది. ఆ శుక్రవారం ఆ పిల్ల కోసం గుడిలోనూ ఎవరూ అడగలేదు, మసీదులోనూ ఎవరూ అడగలేదు.

శనివారం ఆ పదిహేను మిషన్లూ తలెత్తకుండా బాగుచేశాడు. ఫోర్‌మన్ ఎదురొచ్చినప్పుడల్లా తేలుకుట్టిన దొంగలా మిషను కిందికి దూరేవాడు. రెండో శుక్రవారం ఓనరు అడక్కముందే వెళ్లి పనిలో కూర్చున్నాడు. "మరి గుడి?" అని ఫోర్‌మన్ అడిగితే, "పని ఉంది" అని తలొంచుకున్నాడు. గుడికెళ్లి ఆ మాటేదో అడిగేస్తే పోయేది కదా అని మీరనొచ్చు. మళ్లీ ఆయన కార్లో, ఆయన పక్కన కూర్చుని వెళ్లడానికే మాస్టారికి మొహం చెల్లలేదు.

ఇంటికొచ్చిన నెలన్నరకి ఫోనొచ్చింది.

"ఆపరేషన్ అయింది మాస్టారూ. చూపు రాలేదు. ఆ కన్ను ఇక అంతేనన్నారు." ఫోర్‌మన్ గొంతు నెమ్మదిగానే ఉంది. "మీరు మాత్రం బాధపెట్టుకోకండి. మీరు చెయ్యాల్సింది మీరు చేశారు. ఇవ్వడం ఇవ్వకపోవడం ఆయన ఇష్టం. మీ ప్రార్థనలో లోపమేమీ లేదు. ఉండండి, పాప మాట్లాడుతుందట."

సన్నటి గొంతు ఒకటి, ఎవరో పక్కనుంచి అందిస్తుంటే, వచ్చీరాని ఆ మూడో భాషలో అంది. "అంకుల్, నా కోసం అడిగినందుకు థాంక్స్."

మాస్టారు ఫోను పెట్టేసి పెరట్లోకి వెళ్లి కూర్చున్నాడు. భార్య వచ్చి ఏమైందని అడిగితే, "ఏం లేదు, తల నొప్పి" అన్నాడు. అబద్ధాల పట్టికలో అదొకటి.

ఆ ఆదివారం ఆవిడ గడప దగ్గర నిలబడి "ఏవండీ" అనేలోపే, ఈయన చెప్పులేసుకుని వీధిలో ఉన్నాడు. ఆవిడ గుండె ఆగినంత పనైంది. ఆ రోజు నుంచి ఒక్క ఆదివారం తప్పలేదు. ముందు వరసలో కూర్చునేవాడు. ప్రసంగం మొదలవగానే తొడ గిల్లుకునేవాడు. చుట్టుపక్కలవాళ్లు, "పరాయి దేశం వెళ్లొచ్చాక ఎంత మారిపోయాడో చూడండి" అని చెప్పుకునేవాళ్లు. ఆ పొగడ్త విన్నప్పుడల్లా మాస్టారికి చెంప పగలగొట్టినట్టుండేది. ఒకసారి గుడి పనులు చూసే ఉపదేశి వచ్చి, "వచ్చే వారం విశ్వాసుల ప్రార్థన మీరు చదవండి మాస్టారూ" అన్నాడు. "నేనా? ఛస్తే చదవను" అని అరిచి, ఆయన్ని బెదరగొట్టేశాడు.

చివరికి, పదహారేళ్లుగా ఎగ్గొడుతూ వచ్చిన పాపసంకీర్తనానికి వెళ్లి, తప్పులు ఒప్పుకోవడానికి మోకరించాడు. ముసలి ఫాదర్ గారు అంతా విని, "దేవుడితో నీకు పేచీ లేదు నాయనా. ఆయన క్షమించేశాడు. నువ్వు చెప్పాల్సింది ఆ మనిషికి" అన్నారు.

ఫోనులో చెబుదామని ఎన్నిసార్లో నంబరు నొక్కాడు. అటు నుంచి "మాస్టారూ, బాగున్నారా?" అని ఆప్యాయంగా వినబడేసరికి, మిషన్ల యోగక్షేమాలు అడిగి పెట్టేసేవాడు. చీటీని మాత్రం సూదుల డబ్బాలో దాచుకున్నాడు. రోజూ సూది కోసం మూత తీసినప్పుడల్లా కంటబడేది.

మరుసటేడు అదే ఫ్యాక్టరీ నుంచి మళ్లీ పిలుపొచ్చింది. కుర్రాళ్లని పంపండి అని బతిమాలాడు. ఆ ఓనరు ఈయనే కావాలన్నాడట. ఇక తప్పలేదు.

శుక్రవారం ఎనిమిదిన్నరకి తలుపు చప్పుడైంది. ఈసారి మాస్టారు స్నానం చేసి, చొక్కా గుండీలు పెట్టుకుని, మంచం అంచున కూర్చుని ఉన్నాడు. తెల్లవార్లూ రెప్ప వెయ్యలేదు. ఫోర్‌మన్ పక్కన పాప నిలబడి ఉంది. కళ్లజోడు పెట్టుకుంది. ఎడమవైపు అద్దం మసకది.

"మీరు నా కోసం అడిగిన గుడి చూస్తానని ఒకటే గొడవ" అన్నాడు ఫోర్‌మన్.

తొమ్మిదింబావుకల్లా గోడ దగ్గరికి చేరారు. గేటు పక్కన పిల్లి ఒకటి పిల్లలతో పడుకుని ఉంటే, పాప తలుపు తీసుకుని అటు పరిగెత్తింది. కార్లో ఇద్దరే మిగిలారు. మాస్టారు సూదుల డబ్బాలోంచి తెచ్చిన చీటీ జేబులోంచి తీశాడు. 

"భాయ్, ఆ రోజు నేను అడగలేదు. లోపల నిద్రపోయాను. అసలు గుడి ఉందని చెప్పిందే పని ఎగ్గొట్టడానికి."

ఫోర్‌మన్ చీటీ అందుకున్నాడు. తన దస్తూరీ కేసి చాలాసేపు చూశాడు.

"పేరు చెప్పానన్నారు."

"అబద్ధం."

"నేనిక్కడ ఎండలో నిలబడ్డాను. నమాజు పోయింది."

"తెలుసు భాయ్."

"ఏడాది పట్టిందా ఇది చెప్పడానికి?" గొంతు పెద్దది చెయ్యలేదు. చేసి ఉంటే బాగుండునని మాస్టారికి అనిపించింది. "ఇప్పుడు మీకు తేలికపడింది. దీన్ని నేనెక్కడ పెట్టుకోను? మా ఆవిడ ఇప్పటికీ ఏమంటుందో తెలుసా? మసీదులోనూ అడిగాం, మంచి మనిషి చేత గుడిలోనూ అడిగించాం, ఇక మనం చెయ్యకుండా వదిలిందేమీ లేదు అంటుంది. ఆ మాట అనుకున్నాకే ఆవిడకి నిద్ర పడుతోంది."

మాస్టారు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. తుడుచుకునే హక్కు కూడా తనకి లేదనిపించి, అలాగే వదిలేశాడు.

"ఆవిడకి చెప్పకండి. పాపకీ చెప్పకండి. ఎప్పటికీ" అన్నాడు ఫోర్‌మన్.

"చెప్పను."

గోడ దగ్గర పాప పిల్లికూనల్ని లెక్కపెడుతోంది. ఒక్క కన్నుతో చూడాలి కాబట్టి తల కాస్త పక్కకి వంచుతోంది. ఫోర్‌మన్ ఆ పిల్లనే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత గడియారం చూసుకున్నాడు. సీటు కింది నుంచి ఫ్లాస్కు తీశాడు.

"పూజ పదిన్నరకేగా?"

"ఆ."

"గంట ముందు ఏమీ ముట్టకూడదన్నారు. ఇంకా గంటా పది నిమిషాలుంది." గ్లాసు నిండా వేడి టీ పోసి అందించాడు. "తాగండి."

మాస్టారు నోరు కాలుతున్నా ఆపకుండా తాగాడు. గ్లాసు ఖాళీ అవగానే ఫోర్‌మన్ మళ్లీ నింపాడు. ఆ చీటీని పాత మడతల మీదే మడిచి, మాస్టారి చొక్కా జేబులో తన చేత్తోనే పెట్టాడు.

"ఇదీ తాగండి" అన్నాడు.